పేర్ల రిపేరు

సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరెంత లాగినా లాగిన్ కావడం లేదు. అందరి పేర్లూ పాస్‌వర్డ్‌లూ కడుపులో దాచుకున్న సర్వరు, పలకరించిన కంప్యూటరునల్లా “ఎవరు మీరు?” అన్నట్టు చూస్తోంది.

బయటి కంపెనీ ఇంజనీరు వైరు పట్టుకుని వచ్చేసరికి, సర్వరు గదిలో వైరం రెడీగా ఉంది. ఆ గది బాధ్యత చూసే అమ్మాయిని ఆఫీసులో అంతా టపాకాయ అంటారు. ఇంజనీరు రిపేరు వంకతో ఆరు నెలలుగా వస్తున్నాడు గానీ, ఆమెను పేరు పెట్టి పిలిచే ధైర్యం అతనికింకా రాలేదు.

“తప్పు నాదేనని ఉత్తరం రాసివ్వు. మధ్యాహ్నంలోగా ఇవ్వకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు!” మేనేజరు కేకలేస్తున్నాడు.

“చెయ్యని తప్పుకి సంతకం పెట్టను సార్. ఉద్యోగం తీసేస్తే తియ్యండి, కలం మాత్రం నేను తియ్యను.”

మేనేజరు విసవిసా వెళ్ళిపోయాడు. ఆమె స్క్రీను ఇంజనీరు వైపు తిప్పింది.

“చూడండి. పేరు తెలియకపోతే ఎవర్నడగాలో రాసే చోటిది. ఇక్కడ సర్వరు తన అడ్రసే ఉండాలి. ఎవరో మహానుభావుడు శుక్రవారం ఇంటర్నెట్ కంపెనీ అడ్రసు పెట్టాడు. ఇంట్లోవాళ్ళ పేర్లు వీధిలోవాణ్ణి అడిగితే వాడేం చెప్తాడు?”

అతను చేతిలోని వైరుని చుట్టలు చుట్టసాగాడు. ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోందని శుక్రవారం దాన్ని మార్చిన మహానుభావుడు తనే.

“మీకూ ఆ అలవాటుందిగా!” టపాకాయ పేలింది. “నన్నడగాల్సిన మాటకి మీ పిన్నిగారిని మా నాన్న దగ్గరికి పంపారు. అడ్రసు తప్పితే సంబంధం ఎలా కలుస్తుందండీ?”

“మీ నాన్నగారేమన్నారు?”

“‘నాకేం తెలుసు, దాన్నే అడగండి’ అన్నారు.”

అతను తిన్నగా మేనేజరు గదికి నడిచాడు. బల్ల మీదున్న తెల్లకాగితం లాక్కుని, తప్పు తనదేనని రాసి సంతకం పెట్టాడు.

“మీ కంపెనీకి పని ఇవ్వడం ఆపేస్తా!” మేనేజరు అరిచాడు.

“ఆపండి సార్. ఆవిణ్ణి మాత్రం రేపట్నుంచి రాకుండా ఆపకండి.”

గుమ్మంలో నిలబడి అంతా విన్న ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. సర్వరు గదికెళ్ళి అడ్రసు సరిచేసి, తన పేర్లు తననే మళ్ళీ రాసుకోమని సర్వరుకి చెప్పింది. రెండు నిమిషాల్లో హాలంతా చప్పట్లు. అతను ఆ గదికి పరుగున వచ్చాడు. వెనకాలే మేనేజరు.

“ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నా. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“ఇది ఆఫీసయ్యా!” మేనేజరు గుడ్లురిమాడు.

“ఉండండి సార్, ఇది నా గది,” అంది టపాకాయ. తర్వాత అతని వైపు తిరిగి, నవ్వు దాచుకోకుండా చెప్పింది:

“రేపు సాయంత్రం మీ పిన్నిగారింటికి నేనే వస్తున్నా. అబ్బాయిని బుద్ధిగా తల వంచుకుని కూర్చోమనండి. చూసి, నచ్చితే చెప్తా!”