చుక్కలు ముట్టని వేళ్లు

"నువ్వు ఊఁ అంటేనే సాలమోను పడవ కదుల్తుంది," ఫోన్‌లో చీఫ్ బుచ్చిరాజు. "పొరపాటయ్యిందో, మనిషి దక్కడమ్మా."

ఏజెంట్ లీలావతి ఆవలించింది. రాజోలులో చూపులేని పిల్లలకి కంప్యూటర్ నేర్పే టీచరమ్మ వేషం వేసి ఏడాది దాటింది. వేషంలో సగం నిజమే. ఆమెకీ పుట్టుకతో చూపు లేదు. మిగతా సగం, ఆ పాఠాలు చెప్పడమే నడుం విరగ్గొడుతోంది.

మిషన్ ఇది. అంతర్వేది దగ్గర ఒక విదేశీ ముఠా ఆయుధాలు దింపబోతోంది. జాలరి సాలమోను మన మనిషే. వాళ్ల పనివాడిలా నటిస్తూ ముఠాకి ఎదురెళ్లాలి. వాళ్లకి అతని మీద అనుమానం వచ్చిందా లేదా? అది తేల్చే మెసేజ్ ఢిల్లీ నుంచి ఏజెంట్ కీర్తి తెస్తుంది. ఆమెకీ చూపు లేదని ఫైల్ చెబుతోంది.

ముందు పెర్ఫ్యూమ్ వచ్చింది, వెనకాల హైహీల్స్.

"గోదారి పోటు మీదుందాండీ?" వచ్చినామె అడిగింది.

"పాటు మీదుందండీ."

కోడ్ కలిసింది. మర్యాదకి లీలావతి పూతరేకులు పెట్టింది. కీర్తి తింటూనే బ్రెయిలీ డిస్‌ప్లే ఆన్ చేసింది. దానికి స్క్రీన్ ఉండదు. అక్షరాలు చుక్కల్లాంటి పిన్నులై పైకి లేస్తాయి, వేలితో తడిమి చదువుకోవాలి.

"ఇప్పుడే మళ్లీ చదివి చూశా. అనుమానం లేదు. పంపించెయ్యండి," అంటూ మెషీన్ ఇటు తోసింది కీర్తి.

లీలావతి చదివింది. అదే మాట. సెల్లో సాలమోను లైన్‌లోనే ఉన్నాడు. "ఇంజను ఏసేసేనండీ. ఎల్లిపోమంటారా?"

"ఉండు బాబూ."

తర్వాతి లైను కోసం మీట నొక్కింది. వేలు అతుక్కుంది. నెయ్యి, పంచదార. చేతులు కడుక్కోకుండా ఈ మెషీన్ ముట్టుకునే మనిషిని ఆమె ఎరగదు. సరే, ఢిల్లీవాళ్లు అనుకుంది. రెండో చేత్తో మళ్లీ పిన్నులు తడిమింది. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.

మీటకి జిడ్డు, చుక్కలకి లేదు. అంటే కీర్తి ఆ చుక్కల్ని చదివింది కళ్లతో. ఈమె అసలు కీర్తి కాదు.

"సాలమోనూ, వల ఆరేసుకో." వెళ్లొద్దని దానర్థం.

"ఆయ్." ఇంజను ఆగిపోయింది.

ఎదురుగా కుర్చీ కిర్రుమంది. పిస్టల్ క్లిక్‌మంది. "ఎలా తెలిసింది?"

"కూర్చోండి, చెప్తాను," అంటూనే లీలావతి ఇటుకంత మెషీన్ని పెర్ఫ్యూమ్ వాసన మీదికి విసిరింది. పిస్టల్ కింద పడింది. ఆ చప్పుడుకి గుమ్మం బయట చీఫ్ పెట్టిన కాపలావాళ్లు లోపలికి దూకారు.

సాయంత్రానికి ముఠా పడవ నేవీకి చిక్కింది. చీఫ్ ఫోన్ చేశాడు. "సాలమోను ఇంటికెళ్లి అన్నం తింటున్నాడమ్మా. నీకేం కావాలో అడుగు."

"రెండ్రోజులు సెలవండీ. నిద్రపోవాలి."

"దానికి సెలవెందుకమ్మా?" చీఫ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మేమంతా ఆఫీసులోనే పడుకుంటాం కదా."