టేపులో పిలిచిన గొంతు

మా రీసెర్చ్ గైడుకి ఓపిక తక్కువ, నోరెక్కువ. తులనాత్మక సాహిత్యం అంటే ఆయన దృష్టిలో ఒకటే పని: ఒకే కథని నాలుగు భాషల్లో పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడం. నాకూ మా సీనియర్‌కీ ఒకే టేపు ఇచ్చి, విని విడివిడిగా రాసుకు రమ్మన్నాడు. ఎప్పుడో పోయిన ఒక ముసలమ్మ చెప్పిన కథ అది. వానలో ఎవరో మనవాళ్ల గొంతుతో తలుపు తియ్యమంటారు. తీసిన ఇల్లు మిగలదు.

పిలిచింది అమ్మ అని సీనియర్ రాసింది. తమ్ముడని నేను రాశాను. చెవులు ఇంట్లో పెట్టి వచ్చారా అని గైడు మా ఇద్దర్నీ క్లాసంతా నవ్వేలా కడిగేశాడు. ఒళ్లు మండిపోయింది. మళ్లీ విన్నాం. ఆమెకి వినిపించింది అమ్మే, నాకు తమ్ముడే.

ఆ వారమే సీనియర్ ఊరెళ్లింది, తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే గుసగుసగా మాట్లాడింది.

"వానలో అమ్మ పిలిచింది. కథ గుర్తొచ్చి తియ్యలేదు... పొద్దున చూస్తే గుమ్మంలో ప్రాణం లేకుండా పడి ఉంది. నిజంగా మా అమ్మేనే. నువ్వలా చెయ్యకు. పిలిస్తే తలుపు తీసెయ్."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకున్నది తమ్ముడొక్కడే. ఉబ్బసం మనిషి. ఇద్దరం ఒకే అద్దె గదిలో ఉంటాం.

ఆదివారం మధ్యాహ్నం వాన దంచేస్తోంది. వాడు మందు తెచ్చుకోవడానికి వెళ్లాడు. గదంతా తడిసిన గోడల వాసన. అప్పుడు వినిపించింది.

"అక్కా... తలుపు తియ్యి."

వాడి గొంతే. పిల్లికూతలు పెడుతున్న ఆ ఆయాసమూ వాడిదే. గడియ మీద చెయ్యి వేశాను. కథ వద్దంది. సీనియర్ తియ్యమంది. వాణ్ని వానలో చంపుకోలేక తీశాను.

ఎవరూ లేరు. చల్లటిదేదో నన్ను రాసుకుంటూ లోపలికెళ్లింది...

తలుపు మూసేశాను. గడియ వెయ్యడానికి చేతులు రాలేదు. ఫోన్ మోగింది. తమ్ముడు. మందుల షాపు దగ్గర ఆగిపోయాడట, ఇప్పుడు మెట్లెక్కుతున్నాడట. రావద్దురా అనేలోపే వాడు ఫోన్ పెట్టేశాడు.

చెప్పుల చప్పుడు. గుమ్మం అవతల ఆయాసం.

"అక్కా, ఉన్నావా?"

నేను నోరు తెరిచేలోపే, నా వెనక, మంచం వైపు నుంచి, నా గొంతే ముద్దుగా పలికింది.

"గడియ వెయ్యలేదురా... రా."

తలుపు కదిలింది.