చీపురు తీగ

ఆదివారం పొద్దున్నే లుటీషా చర్చికి వేసుకోవాల్సిన తెల్ల గౌను ఇస్త్రీ చేస్తోంది. తల్లీ తండ్రీ పోయాక ఆమె దగ్గరే ఉంటున్న మనవరాలు వెర్లీన్ ముందుగదిలో కొత్త రికార్డు పెట్టింది. సముద్రం అవతలి తెల్ల కుర్రాళ్ళ రాక్ పాట. కిటికీ అద్దాలు అదిరిపోయాయి.

"ఆపవే! ఆదివారం పూట నా ఇంట్లో దయ్యాల పాటా?"

"దయ్యాలకి ఆదివారం సెలవా నాయనమ్మా?"

లుటీషాకి నవ్వు రాలేదు. వెర్లీన్ తండ్రి అలాంజో చిన్నప్పుడు చీపురుకి చుట్టిన తీగ విప్పి, వరండా గోడకి రెండు మేకుల మధ్య బిగించి, దాని మీద సీసా జరుపుతూ వాయించేవాడు. "చీపురంతా ఊడిపోయింది కదరా వెధవా!" అని ఆమె వెంటపడేది. పెద్దయ్యాక సారా కొట్లలో గిటారు వాయిస్తున్నాడని తెలిసి ఆ తీగ పీకేసింది. ఆ గిటారో, నేనో తేల్చుకోమంది. వాడు మెంఫిస్ నగరానికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒకే ఒక్క పాట రికార్డు చేశాడు. చివరికి శవపేటికలో ఈ మిసిసిపీ ఊరికి తిరిగొచ్చాడు. ఆ రికార్డు ఆమె ఏనాడూ వినలేదు.

"ఇది నాన్న పాటే. నాన్న రికార్డు విని నేర్చుకున్నారట వీళ్ళు. ఎక్కడివాళ్ళకో ముద్దొచ్చింది, కన్నతల్లికే చేదైంది!"

"నోర్ముయ్! ఆ పాటే వాణ్ణి మింగేసింది."

"పాట కాదు. నువ్వే గెంటేశావు!"

ఇస్త్రీపెట్టె కింద గౌను కమిలింది. ఇద్దరూ గమనించలేదు.

"ఆ రాగం ఎక్కడిదో తెలుసా?" వెర్లీన్ ఏడ్చేసింది. "నువ్వు పెరట్లో బట్టలు ఉడకేస్తూ మూలిగేదానివట, ఆ మూలుగే తీగ మీద పట్టుకున్నానని నాన్నే చెప్పాడు నాకు."

లుటీషా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. "మళ్ళీ పెట్టు" అంది.

గిటారు మూలిగింది. భర్త పోయిన ఏడాది కాగు దగ్గర నిలబడి, మాటలు రాక తను గొంతులోనే పాడుకున్న కీర్తన అది. ఎవరూ వినలేదనుకుంది. దయ్యాలదని తను తరిమేసింది తన ఏడుపునే.

"విన్నాడే వాడు... నా బిడ్డ విన్నాడే!" అని గుండెలు బాదుకుంది. వెర్లీన్ వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టింది.

చర్చి గంట మోగింది. లుటీషా వరండాలోకి వెళ్ళి, గోడకి ఇంకా ఉన్న తుప్పు మేకుల్ని తడిమింది.

"కొత్త చీపురు పట్రా తల్లీ. తీగ విప్పుదాం."

"చీపురు ఊడిపోతుంది నాయనమ్మా."

"ఊడిపోనీవే."