మోస్రా బండ్లు, మాఘ ముహూర్తం

"సారూ, జర కాలు దించుండ్రి. మీ బరువు గూడ మా బాపు మీదనే పడ్తున్నది."

బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో కాంటా గుమాస్తా ఆత్మారాం కిందికి చూసుకున్నాడు. ఖాళీ ఎడ్లబండిని తూచే ఇనుప పలక మీద అతని ఎడమ కాలు ఉంది. బండి తోలుకొచ్చిన అమ్మాయిని కాస్త దగ్గరగా చూద్దామని గదిలోంచి బయటికొచ్చి, చూస్తూ చూస్తూ పలక ఎక్కేశాడు. ఖాళీ బండి ఎంత ఎక్కువ తూగితే రైతుకు చెరకు అంత తగ్గుతుందని అతనికి తెలియక కాదు.

"పొరపాటైంది," అన్నాడు.

"అందరు గట్లనే అంటరు," అని ఆమె ఎడ్లను అదిలించింది.

ఆ అమ్మాయి పేరు గంగమణి. మోస్రా ఊరి రైతు భూమన్నకు ఒక్కతే కూతురు. తల్లి లేదు. తండ్రికి జ్వరమొస్తే బండి తానే తోలుకొచ్చింది. తర్వాతి వారమూ ఆమే వచ్చింది. మూడో వారం ఆత్మారాం ధైర్యం చేశాడు.

"మీ బాపుకు జ్వరం ఇంక తగ్గలేదా?"

"ఎప్పుడో తగ్గింది."

"మరి నువ్వెందుకొస్తున్నవ్?"

"నువ్వు కాలు యాడ పెడ్తవో సూస్తందుకు."

ఇది 1967 సీజన్ మాట. మళ్లీ సీజన్ మొదలయ్యేసరికి పెళ్లి మాటలు కూడా అయిపోయాయి. ఆత్మారాం తల్లి రాధాబాయి నిజామాబాద్ నుంచి వచ్చి, పిల్లను చూసి, రెండు జొన్నరొట్టెలు తిని, "పిల్ల మంచిగున్నది, జల్ది కానియ్యుండ్రి," అని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. కులం కలిసింది, గోత్రాలు అడ్డం రాలేదు. అడ్డం వచ్చినవాడు పిల్ల తండ్రే.

భూమన్నకు పెళ్లి ఇష్టమే. మరీ ఇష్టం. నిజామాబాద్ బ్యాండు కావాలి, గ్యాసులైట్లు కావాలి, అన్నిటికన్నా ముందు పొయ్యి బంద్ దావత్ కావాలి. అంటే ఆ రోజు ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు, ఉయ్యాల్లో పిల్ల దగ్గర్నుంచి మంచంలో ముసలి దాకా అందరూ పెళ్లివారింటే తినాలి. దీనికోసం కాలువ కింద ఎకరం అమ్మేస్తానన్నాడు. కొనడానికి పక్క చేను లింబయ్య సిద్ధంగా ఉన్నాడు.

"గా మడిల మొదటి సెరుకు నన్ను గన్న అవ్వ నాటింది," అంది గంగమణి, కాంటా కిటికీ దగ్గర నిలబడి. "అది అమ్మితె నేను పీటల మీద కూసోను. నీకు ముందుగాల్నే సెప్తున్న."

ఆమె అన్నమాట తప్పే మనిషి కాదని ఆత్మారాంకు అప్పటికే తెలుసు. భూమన్న కూడా కాదు. తండ్రీకూతుళ్ల పట్టుదల మధ్య తన పెళ్లి నలిగిపోయేలా ఉంది.

వాళ్లిద్దరి మాటలన్నీ ఒక బండి దిగి మరో బండి కాంటా ఎక్కేలోపు జరిగేవి. పెళ్లి ప్లానూ అలాగే జరిగింది.

"బ్యాండు?"

"మా ఊర్ల డప్పులున్నయి."

"పందిరి?"

"సెరుకు గడలు, మీద ఆకు."

"లైట్లు?"

"పగటి ముహూర్తం పెట్టియ్యి."

"కార్డులు?"

"గుమాస్తావు గాదా, రాయి."

"అన్ని తీసేస్తివి. ఇగ పెండ్లిల మిగిలిందేంది?"

"నువ్వు, నేను."

ఆ దెబ్బకు ఆత్మారాం ఒకే బండి బరువును రెండుసార్లు రాసి, ఒకటి కొట్టేయాల్సి వచ్చింది.

ఆదివారం మోస్రా వెళ్లి భూమన్న ముందు ఈ ప్లానంతా పెట్టాడు. భూమన్న శ్రద్ధగా విన్నాడు.

"ఎకరం పోతె మళ్ల కొనొచ్చు పిలగా. ఊరు సూడకుంట పిల్లను సాగనంపితె పోయిన ఇజ్జత్ ఏ అంగట్ల కొనాలె?"

 చేతిలో పెట్టిన జామపండు తిని ఆత్మారాం తిరిగొచ్చాడు.

ఎకరం గొడవ తేలకుండానే ముహూర్తం మాఘంలో ఒక గురువారం కుదిరింది. అది కుదిరిన వారమే ఆఫీసువాళ్లు అతన్ని కోత పర్చీలు రాసే పనిలో వేశారు. ఏ రైతు ఏ రోజు చెరకు కొట్టుకుని ఫ్యాక్టరీకి తేవాలో చెప్పే చీటీలవి. మోస్రాకు నలభై రెండు పర్చీలు, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపాడు. సోమవారం తేదీ రాయాల్సిన చోట నలభై రెండింటి మీదా గురువారం తేదీ పడింది. తన పెళ్లి తేదీ.

పర్చీ రోజు దాటితే వంతు మళ్లీ సీజన్ చివరికే వస్తుంది, అప్పటికి చెరకు చేనులోనే ఎండిపోతుంది. మార్చడానికి వీల్లేదని ఆఫీసరు ఒక్కమాటలో తేల్చేశాడు. సోమవారానికి అప్పటికే వేరే ఊరిని పిలిచేశారు.

మరుసటి రోజు భూమన్న పర్చీ పట్టుకుని కాంటా దగ్గరికి వచ్చాడు.

"ఈ రాత నీదేనా?"

"నాదే మామా."

"ఊరు ఊరంత గా దినం ఈడ లైన్ల ఉంటది. నా దావత్‌కు ఎవరొస్తరు? ఎడ్లు గూడ ఉండయి ఊర్ల. మళ్ల ముహూర్తం గూడ లేదాయె."

ఆత్మారాం పర్చీ అందుకుని తేదీ మళ్లీ చదివాడు.

"తారీఖు రాయరానోనికి పిల్లనెట్లియ్యాలె? నేను ఆలోచన జేస్త," అని భూమన్న వెళ్లిపోయాడు.

ఆ వైపు పెద్దమనిషి ఆలోచన చేస్తానంటే లేదనే అర్థం. ఆత్మారాం ఆ రోజు అన్నం తినలేదు. గంగమణిని పోగొట్టుకున్నాడు, అదీ చక్కటి దస్తూరీతో. మూడు రోజులు మోస్రా నుంచి కబురు లేదు. వచ్చే ప్రతి బండినీ ఆశగా చూశాడు, ప్రతి బండికీ ఎవరో మీసాల మనిషి ఉన్నాడు.

నాలుగో రోజు భూమన్న వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

"నీ తెలివి నాకు ఆలస్యంగ సమజైంది పిలగా."

ఆత్మారాంకు ఏమీ అర్థం కాలేదు. గుమాస్తా అలవాటు కొద్దీ తలూపాడు.

"ఊరంత ఫ్యాక్టరి గేటు కాడనే ఉన్నంక పెండ్లి యాడనో ఎందుకు? గాడనే జేద్దం. లింబయ్యకు ఎకరం ఇయ్యనని సెప్పిన."

గురువారం పొద్దున మోస్రా బండ్లు రోడ్డు పక్క బారుగా ఆగాయి. ముసలివాళ్లూ పిల్లలూ చెరకు మోపుల మీద కూర్చుని వచ్చారు. రెండు బండ్ల నడుమ గడలు పాతి, ఆకు కప్పితే పందిరైంది. లైన్లో ఎదురుచూడ్డానికి ఎప్పుడూ తెచ్చుకునే రొట్టెలూ తొక్కూ అందరి దగ్గరా ఉండనే ఉన్నాయి. భూమన్న రెండు గంగాళాల బెల్లంబువ్వ వండించి, ప్రతి బండి దగ్గరికీ తానే వెళ్లి వడ్డించాడు. ఆ రోజు మోస్రాలో నిజంగానే పొయ్యిలు వెలగలేదు. ఈ సంగతి ఆయన తర్వాత చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.

పుస్తె కట్టగానే లైను కదిలింది. బండ్లన్నీ ముందుకు జరిగాయి. అయ్యగారు మంత్రం ఆపకుండానే పీట చంకలో పెట్టుకుని జరిగారు, కొంగుముడితో వధూవరులూ జరిగారు. తలంబ్రాలు ఇరవై గజాల అవతల పోసుకున్నారు.

మధ్యాహ్నం బండి నీడలో ఇద్దరే ఉన్నప్పుడు ఆత్మారాం అడిగాడు.

"మీ బాపు పొద్దటి సంది నాతోని 'నీ తెలివి, నీ తెలివి' అంటుండు. ఏం తెలివి?"

"నువ్వు కావాల్ననే రాసినవని సెప్పిన. ఎకరం మిగలాలె, ఊరంత పెండ్లి సూడాలె, నా నౌకరి పోయినా మంచిదే అని రాసినవన్న."

"అబద్ధం గద."

"మరెందుకు రాసినవ్?"

ఆత్మారాం ఎడ్ల ముందుకు చెరకాకు తోశాడు.

"గా వారమంత నాకు ఇంకో తారీఖు మతికే రాలేదు గంగమణి."

ఆమె తలలో చిక్కుకున్న తలంబ్రాలు ఒక్కొక్కటే తీసి ఒడిలో వేసుకుంది.

"గీ మాట సెప్తె బాపు ఒప్పుకోకపోతుండె," అంది చివరికి. "నేనైతె గా దినమే కట్టుబట్టలతోని నడిసొస్తుంటి."

ఆత్మారాం కళ్లు తుడుచుకుని, చెరకాకు నూగు పడిందన్నాడు. ఆమె నమ్మినట్టే తలూపి, కొంగు చివర అందించింది.