పదకొండు దీవులు, ఏడు ‘పో’లు

తొలిచూపులోనే ప్రేమ పుడుతుందని చాలామంది అంటారు. ఈ కథలో మాత్రం తొలిచూపు కంటే ముందు తొలి తిట్టు పడింది. అదీ ఎర్ర ఇంకుతో, కాగితం మీద, ఏడుసార్లు.

రేవుకు ఎదురుగా, తాళ్లు అమ్మే దుకాణం పైన రెండు గదుల ట్రావెల్ ఆఫీసు ఉంది. దాన్ని నడిపేది పిన్ని. పిన్ని దగ్గరే పెరిగి, పిన్ని దగ్గరే పనిచేస్తున్న అమ్మాయిని అందరూ లిస్టమ్మ అంటారు. కూరగాయలకు లిస్టు, ఉతకాల్సిన బట్టలకు లిస్టు, తనకు కోపం తెప్పించిన మనుషులకు కూడా లిస్టు రాసుకునే పిల్లకు ఇంకో పేరు ఎలా వస్తుంది?

ఇన్నాళ్లూ బస్సు యాత్రలు నడిపిన ఆ ఆఫీసు మొదటిసారి ఒక ఓడను అద్దెకు మాట్లాడుకుంది. పెద్ద ఓడేం కాదు. తొమ్మిది క్యాబిన్లు, పదహారు మంది ప్రయాణికులు. జనం అరుదుగా వెళ్లే వెచ్చటి సముద్రంలో పదకొండు చిన్న దీవులు, పంతొమ్మిది రోజులు. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు దిగాలి, ఏ పూట ఏం చూడాలి అన్నదంతా లిస్టమ్మే రాసింది. నెల రోజులు నిద్రాహారాలు మానేసి రాశానని అందరికీ చెప్పుకుంది. నిద్ర సంగతేమో గాని, ఆహారం మాత్రం మానలేదు.

ఆ ప్లాన్‌ను చూసి పెట్టమని ఓడకు పంపితే రెండో రోజుకల్లా తిరిగొచ్చింది. ఏడు దీవుల పక్కన ‘పో’ అని ఉంది. మిగిలిన నాలుగింటి పక్కన ‘ఆ’ అని ఉంది. కింద ఓడ సెకండ్ ఆఫీసరు సంతకం. ఇంకొక్క ముక్క లేదు.

లిస్టమ్మకు ఒళ్లు మండిపోయింది. నెల రోజుల కష్టానికి ‘పో’ అంటాడా? మిగతావాటికి ‘ఆ’ అట, ఏదో దయతలచి ఒప్పుకున్నట్టు. టికెట్లు చూసే పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, కుర్రాడికి మొహమాటం లేనట్టుందే అన్నాడు. అది అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. లిస్టమ్మ పెన్ను తీసి, ఆ సంతకం కిందే ‘నువ్వే పో’ అని కొట్టొచ్చినట్టు రాసి, కవరులో పెట్టి అప్పటికప్పుడు ఓడకు పంపేసింది.

మర్నాడు పొద్దున్నే చంకలో సముద్రపు చార్టు చుట్టతో ఒక పొడుగాటి మనిషి మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం తలకు తగలకుండా వంగి లోపలికి వచ్చి, తనే ఆ సెకండ్ ఆఫీసరునని చెప్పుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

‘‘నిన్న సాయంత్రమంతా చార్టు వెతికానండీ. ‘నువ్వే’ అనే దీవి ఎక్కడా కనపడలేదు.’’

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

‘‘దానికి కూడా పోటు టైం చూడమని రాశారు కదా. కొత్తగా చేర్చారా?’’

అప్పుడు తెలిసింది అసలు సంగతి. వాళ్ల ఓడలో ‘పో’ అంటే పోటు, ‘ఆ’ అంటే ఆటు. ఆ ఏడు దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. నీళ్లు పైకొచ్చినప్పుడు, అంటే పోటు మీద, ఓడలోని రబ్బరు పడవ వాటి మీదుగా ఒడ్డుకు వెళ్లగలదు. మిగిలిన నాలుగు చోట్ల నీళ్లు వెనక్కి తగ్గితే గాని, అంటే ఆటులో గాని, నడవడానికి ఇసుక తేలదు. పాపం, అతను తిట్టలేదు. ఎక్కడ ఎప్పుడు దిగాలో ఒక్క అక్షరంలో చెప్పాడు.

లోపలి గదిలోంచి పిన్ని దగ్గు వినపడింది. నవ్వు దాచుకోవలసినప్పుడు పిన్నికి వచ్చే దగ్గు అది. లిస్టమ్మ మొహంలో ఏమీ కనపడనివ్వకుండా చెప్పింది.

‘‘ఆ దీవి తీసేశాం.’’

‘‘ఎందుకండీ?’’

‘‘అక్కడి మనుషులు మంచివాళ్లు కారు.’’

అతను బుద్ధిగా తలూపి, చార్టు చుట్టుకుని మెట్లు దిగాడు. సగం మెట్ల దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. మళ్లీ పైకి వచ్చి, గుమ్మంలోంచి తల మాత్రం లోపల పెట్టాడు.

‘‘అది తిట్టు కదండీ?’’

‘‘ఆ,’’ అంది లిస్టమ్మ.

‘‘ఆటా, అవునా?’’

లిస్టమ్మ ఫక్కున నవ్వేసింది. నిన్నటి నుంచి కూడబెట్టిన కోపం కాస్తా ఆ నవ్వులో పోయింది.

ఆ రోజు నుంచి అతను రోజూ మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చేవాడు. పెద్దాయన అతనికి చార్టుబాబు అని పేరు పెట్టాడు. బల్ల మీద చార్టు పరిచి, నాలుగు మూలలా స్టాప్లరు, టేపు, కప్పు, పెద్దాయన కళ్లజోడు పెట్టి ఇద్దరూ ప్లాన్ మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. పదకొండు దీవుల్లోనూ సాయంత్రం సూర్యాస్తమయం చూపించాలని లిస్టమ్మ పట్టు. అది కుదరదని చార్టుబాబు. సముద్రం రోజూ ఒకే టైముకు రాదట, ఇవాళ ఐదింటికి పోటు ఉంటే రేపు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమట. మన బస్సు డ్రైవర్ల కంటే సముద్రమే నయం, ఎంత ఆలస్యమో ముందే చెబుతుందని లోపలి నుంచి పిన్ని అంది.

దీవుల అసలు పేర్లు నోరు తిరగక లిస్టమ్మ సొంత పేర్లు పెట్టుకుంది. రెండు కొండలది, గుండ్రంది, పిట్టలది, అలిగినది. అలిగినది అంటే ఏ టైముకు వెళ్దామన్నా పోటు కుదరని దీవి. దాని కోసం నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరకు తెల్లవారగానే దిగి ఎండెక్కేలోపు తిరిగొచ్చేలా కుదిర్చారు. కుదిరిన రోజు ఇద్దరూ పరీక్ష పాసైన పిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే సాగిందని పెద్దాయన గమనించాడు. ఆయన గమనించడం పిన్ని గమనించింది.

ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. సరిగ్గా పిట్టల దీవి మీద పైకప్పులోంచి చుక్క పడింది. ఇద్దరూ బల్లను గోడ దగ్గరికి లాగారు. తలలు ఢీకొనలేదు, చేతులు తగలలేదు. బల్ల మాత్రం బరువుగా ఉంది. చార్టును తుడుస్తూ చార్టుబాబు ప్లాన్‌లో ఒక గీత మీద వేలు పెట్టాడు. ‘భోజనం తర్వాత డెక్కు మీద షికారు, నలభై నిమిషాలు’ అని ఉందక్కడ. ఈ ఓడ డెక్కు చుట్టూ తిరిగి రావడానికి ఒకటిన్నర నిమిషం చాలునని చెప్పి, మెల్లగా అడిగాడు.

‘‘మీరెప్పుడైనా ఓడ ఎక్కారా?’’

లిస్టమ్మ పెన్నుకు మూత పెట్టింది. తర్వాత నిజం చెప్పేసింది. ఓడ కాదు కదా, చిన్న పడవ కూడా ఎక్కలేదు. ఏడేళ్ల వయసులో ఇదే రేవు మెట్ల మీద కాలు జారి నీళ్లలో మునిగితే, పిన్ని జుట్టు పట్టుకుని పైకి లాగింది. ఆ తర్వాత మోకాలి లోతు దాటి నీళ్లలో దిగింది లేదు. కాగితం మీద మాత్రం పదకొండు దీవులు తిరిగేసింది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అని పిన్ని దెప్పేది అందుకే.

అతను నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఎక్కనివాళ్లు ఇంత బాగా రాశారా అన్నాడు. తనకు అతనంటే ఇష్టమని లిస్టమ్మకు ఖాయంగా తెలిసింది అప్పుడే.

తెలిసి ఏం లాభం? ప్లాన్ పూర్తయితే ఓడ కదులుతుంది. మొదటి జట్టు ప్రయాణికుల తర్వాత ఇంకో జట్టు, ఆ తర్వాత ఇంకొకటి, మొత్తం ఐదు నెలలు ఓడ ఆ దీవుల మధ్యే ఉంటుంది. అతనూ ఓడతోనే ఉంటాడు. అందుకని లిస్టమ్మ ఉన్నట్టుండి టీ టైములు మార్చడం, మార్చినవాటిని మళ్లీ మార్చడం మొదలుపెట్టింది. అతను కూడా ఒక్కసారీ విసుక్కోకుండా ఆ మార్పులన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు.

ఎంత సాగదీసినా ప్లాన్ ఒకనాటికి పూర్తయింది. ప్రయాణికుల బాగోగులు చూడటానికి ఆఫీసు తరఫున ఒకరు ఐదు నెలలూ ఓడలో ఉండాలని పిన్ని తేల్చింది. ఉన్నది ఇద్దరే, లిస్టమ్మ, పెద్దాయన. ఓడలో వంట చూసేది కెప్టెన్ గారి భార్యే కాబట్టి ఆడపిల్లను పంపడానికి తనకు దిగులు లేదంది. నీళ్లంటే భయపడే పిల్లను బలవంతం చెయ్యను, వెళ్తానంటే ఆపను అని కూడా అంది. పెద్దాయన ముందుజాగ్రత్తగా ఒక టోపీ కొనుక్కున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు, ఆ అబ్బాయినే ఓ మాట అడిగి చూడమ్మా అని టోపీ సవరించుకుంటూ సలహా ఇచ్చాడు.

లిస్టమ్మ అడిగింది, ఎవరొస్తే బాగుంటుందని.

‘‘ఎవరొచ్చినా ప్లాన్ ప్రకారం జరిగిపోతుందండీ,’’ అన్నాడు చార్టుబాబు, చార్టులోంచి తలెత్తకుండా.

ఆ మాట లిస్టమ్మకు ముల్లులా దిగింది. కోపం తెప్పించిన మనుషుల లిస్టులో అతని పేరు ఎక్కించి, కింద రెండు గీతలు కొట్టింది. రెండు రోజులు అతనితో టీ టైముల గురించి తప్ప మాట్లాడలేదు.

ఓడలో వెళ్లే ప్రతి మనిషీ తాడు నిచ్చెన దిగి రబ్బరు పడవలోకి అడుగుపెట్టగలగాలని కెప్టెన్ నియమం. మంగళవారం పొద్దున్న రేవులోనే ఆ పరీక్ష. పిన్ని గొడుగు వేసుకుని ఒడ్డున నిలబడింది. చార్టుబాబు కింద పడవలో ఉన్నాడు. పెద్దాయన ఒక్క ఊపులో దిగాడు, టోపీ మాత్రం నీళ్లపాలైంది.

లిస్టమ్మ మూడు మెట్లు దిగి పైకెక్కేసింది. మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కింది. మూడోసారి ఆఖరి మెట్టు దాకా వచ్చింది. కింద పడవ ఒకసారి కాలికి అందేంత పైకి లేస్తోంది, మరుక్షణం రెండు మూరలు కిందికి పోతోంది. మధ్యలో పచ్చటి నీళ్లు. ఇప్పుడు పైకెక్కితే ఇక దిగలేనని ఆమెకు తెలుసు.

‘‘దూకకండి,’’ అన్నాడు చార్టుబాబు. ‘‘పడవే మీ దగ్గరికి వస్తుంది. బాగా పైకి లేచినప్పుడు ఒక్క అడుగు వేస్తే చాలు.’’

ఆమె చెయ్యి చాచింది. అతను అరచెయ్యి పట్టుకోలేదు.

‘‘మణికట్టు పట్టుకోవాలి. మీరు నాది, నేను మీది. ఒకరి పట్టు జారినా రెండోవాళ్లది ఉంటుంది.’’

పట్టుకుంది. పడవ కిందికి పోయింది, అతని చెయ్యి సాగింది గాని వదల్లేదు. మళ్లీ పైకి వచ్చినప్పుడు లిస్టమ్మ అడిగేసింది.

‘‘ఎవరొచ్చినా ఒకటేనన్నారు కదా. మరి నేనెందుకు దిగాలి?’’

పైనుంచి కెప్టెన్ చూస్తున్నాడు, ఒడ్డు నుంచి పిన్ని చూస్తోంది. అతను ఎవరి వంకా చూడలేదు.

‘‘ఇంత భయపడే మనిషిని నా కోసం రమ్మనడం తప్పనిపించింది. అందుకే అలా అన్నాను. ఎవరొచ్చినా ప్లాన్ నడుస్తుందండీ. నాకే కష్టం.’’

‘‘ఈ మాట ఆఫీసులో చెబితే ఏం పోయేది?’’

‘‘ధైర్యం చాల్లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడు మీరు పైకెక్కి ఇంటికెళ్లిపోయినా ఇష్టమే. ఐదు నెలలయ్యాక ఇదే రేవులో దిగి, మీ ఆఫీసు మెట్లెక్కుతాను. అందుకని నా కోసం దిగకండి. మీకు రావాలని ఉంటేనే రండి.’’

పడవ కిందికి పోయింది. లిస్టమ్మకు భయం పోలేదు. కాని పగడపు దిబ్బల మీదుగా పోటు ఎక్కడం, నీళ్లు తగ్గి ఇసుక తేలడం, అలిగిన దీవి మీద తెల్లవారడం, నెల రోజులుగా తను రాసినవన్నీ ఒక్కసారి తన కళ్లతో చూడాలనిపించింది. పక్కన అతను ఉండగా చూడాలనిపించింది. పడవ పైకి లేచింది. ఆమె అడుగు వేసింది.

పడవ ఊగింది, మొహం నిండా నీళ్లు చిమ్మాయి, లిస్టమ్మ వెళ్లి అడ్డబల్ల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు. నాకూ మీరంటే ఇష్టమే, రెండు రోజులు మాట్లాడనప్పుడు కూడా ఇష్టమే అని ఆ ఏడుపులోనే చెప్పేసింది. పక్కన పెద్దాయన ఏమీ విననట్టు టోపీ కోసం నీళ్లలో వెతుకుతూ కూర్చున్నాడు.

పడవ ఒడ్డుకు చేరింది. ముందు పెద్దాయన దిగాడు, తర్వాత వాళ్లిద్దరూ దిగారు. పిన్ని ఇద్దరి చేతుల వంకా చూసింది.

‘‘ఒడ్డున కూడా పట్టుకోవాలని రూలుందా, ఆఫీసరు గారూ?’’

‘‘లేదండీ,’’ అన్నాడు. వదల్లేదు. లిస్టమ్మా వదల్లేదు.

పిన్ని గొడుగు ముడిచింది. ఈ రేవులోనే తను జుట్టు పట్టుకుని లాగిన పిల్ల ఇవాళ తడిసిన మొహంతో నవ్వుతూ నిలబడింది. పిన్ని పమిట కొంగుతో లిస్టమ్మ మొహం తుడిచింది. తర్వాత అతని వైపు తిరిగింది. ఈసారి గారూ లేదు, ఆఫీసరూ లేదు.

‘‘మీ అమ్మగారి నంబరు చెప్పు బాబూ. ఓడ కదిలేలోపు పెద్దవాళ్లం ఒక మాట అనుకోవాలి.’’

చార్టుబాబు ఫోను కుడి జేబులో ఉంది. కుడి చెయ్యి లిస్టమ్మ దగ్గర ఉంది. ఒక్క క్షణం ఆలోచించి, ఒక్కో అంకె గుర్తు చేసుకుంటూ నంబరు నోటితోనే చెప్పాడు.