ఖాళీ కత్తెర

కడప విమానాశ్రయంలో ఆ పూట క్యూ కదలడం లేదు. ముందున్న పెద్దాయన సంచిలో పసిపిల్ల చెప్పు ఒకటి బయటపడింది. వస్తువు మీద మమకారాన్ని కొలిచే మమతామాపని ముల్లు ఎర్రగీత దాటింది.

“ఇది ఇక్కడే వదిలేయాలి తాతా,” అంది గేటు దగ్గరి ఉద్యోగిని. రోజంతా చెప్పే మాటే కాబట్టి గొంతులో విసుగూ లేదు, జాలీ లేదు.

“ఒంటి చెప్పే కదమ్మా. దీంతో ఎవరికేం నష్టం?”

“చెప్పుతో కాదు తాతా, మీతో.”

సహనిద్ర విమానాలు వచ్చాక ప్రయాణమంటే ఇదే తంతు. ఆ వేగాన్ని మనిషి ఒళ్ళు మెలకువలో తట్టుకోలేదు. అందుకని ప్రయాణికులందర్నీ ఒకే నిద్రలో కలిపి పడుకోబెడతారు. ఒకరి గుండెలో అలజడి రేగిందా, విమానమంతా ఉలిక్కిపడి లేస్తుంది. అలా లేచినవాళ్ళు మళ్ళీ కోలుకోరు. పూర్వం సామానులో కత్తులూ కత్తెర్లూ తేవద్దనేవారట. ఇప్పుడు పదును గొడవ ఎవరికీ పట్టదు. ప్రాణంగా చూసుకునే వస్తువు మాత్రం తేకూడదు.

ఈ నిబంధన గేటు దగ్గరే ఆగి ఉంటే బాగుండేది. అది ఇళ్ళలోకి కూడా వచ్చి కూర్చుంది. పిల్ల బొమ్మకు పేరు పెడితే చాలు, తల్లి ఆ బొమ్మను మార్చేస్తోంది. పెళ్ళి ఉంగరాన్ని ఏడాదికి మించి ఉంచుకుంటే చాదస్తం కింద లెక్క. వస్తువు మీద మనసు విరగ్గొట్టడానికి విరక్తి కేంద్రాలని వీధివీధినా వెలిశాయి. మన జనానికి దేనికైనా అలవాటు పడటమెంతసేపు?

పెద్దాయన చెప్పును బల్ల మీద పెట్టి, కాసేపు అక్కడే తచ్చాడి వెళ్ళిపోయాడు. తర్వాతి వంతు రామతులసిది. ఆమె సంచిలో ఉన్నది వాళ్ళ నాయన కత్తెర.

ప్రొద్దుటూరులో మనిషి చేత్తో బట్టలు కుట్టిన ఆఖరి దర్జీ వాళ్ళ నాయన ఓబులేసు. ఆయన పోయినప్పుడు కొడుకు కేశవ రాలేకపోయాడు. వాడుండేది దక్షిణ ధ్రువం దగ్గరి మంచు కాలనీలో. టికెట్ దొరక్క కాదు. దుఃఖంలో ఉన్నవాణ్ణి సహనిద్రలోకి ఎక్కించరు. ఎందుకు వెళ్తున్నారని గేటులో అడిగిన ప్రతిసారీ వాడి ముల్లు ఎగిరిపడింది. ఇప్పటికీ ఎగిరిపడుతూనే ఉంది.

“నేను ఎట్లాగూ రాలేనక్కా. నాయన కత్తెర ఒక్కసారి పట్టుకోవల్ల. నువ్వు తెచ్చియ్యి,” అన్నాడు తెర మీద ఏడుస్తూ.

ఏ వస్తువైనా ఎక్కడికక్కడే అచ్చుపోసుకునే కాలం. పార్సిల్ ఆఫీసులు ఏనాడో మూతపడ్డాయి. అచ్చుపోసిన కత్తెర వాడికి వద్దు.

ఖాళీ కత్తెర ఆడిస్తే ఇంట్లో తగువులొస్తాయని ఓబులేసుకు గట్టి నమ్మకం. చిన్నప్పుడు కేశవ కావాలనే ఆడించేవాడు. లోపలి గదిలోంచి, “ఎవడ్రా అది, ఇల్లు కూలుస్తావా?” అని నాయన కేకేస్తే అక్కాతమ్ముడూ బల్ల కింద దూరి నవ్వుకునేవాళ్ళు. ఆ కేకను రామతులసి అచ్చం నాయన మాదిరే వేసేది. నాయన పోయాక ఫోన్ చేసినప్పుడల్లా, “ఒకసారి తిట్టక్కా,” అని అడిగేవాడు కేశవ. ఆమె తిట్టేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు, ఆ వెంటనే ఏడ్చేవాళ్ళు.

రామతులసి మొదటిసారి కత్తెరతో గేటుకొచ్చినప్పుడు ముల్లు విరిగిపోతుందేమో అన్నంత ఎగిరింది. ఇంటికొచ్చి దాని మీద మనసు విరుచుకునే సాధన మొదలుపెట్టింది. పదును పోతుందని నాయన కాగితం కూడా కోయనివ్వని కత్తెర అది. దాంతో రేకులు కోసింది. చేపలు బాగుచేసింది. తడి బాత్రూంలో పడేసింది. నాయన ఏయే మాటలన్నాడో, బడి మాన్పించి చొక్కాలకు కాజాలు ఎట్లా కుట్టించాడో ఏరి ఏరి గుర్తు చేసుకుంది. మొదట్లో పని కాగానే కత్తెరను తుడిచి దాచేది. తిండి సయించేది కాదు. తర్వాత తుడవడం మానేసింది. ఫోన్‌లో తిట్టడం కూడా మానేసింది, సాధన పాడవుతుందని. ఒకరోజు కత్తెర ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు, గుర్తు రాలేదని బాధా కలగలేదు. అప్పుడు టికెట్ కొనుక్కుంది.

“ఇదేమిటమ్మా?” అంది ఉద్యోగిని.

“కత్తెర.”

“ఎవరిది?”

“మా నాయనది.”

ముల్లు కదల్లేదు. “వెళ్ళండి,” అంది ఉద్యోగిని. గెలిచానురా కేశవా అనుకుంది రామతులసి.

మంచు కాలనీలో తమ్ముడి గది ఇరుకుగా, వెచ్చగా ఉంది. కేశవ కత్తెరను రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తుప్పును వేలితో తుడిచాడు. నాయన బొటనవేలు అరగదీసిన చోట తన వేలు దూర్చి వెక్కివెక్కి ఏడ్చాడు. రామతులసి పక్కనే నిలబడి చూసింది. ఎవరో ఇంట్లో ఎవరో ఏడుస్తున్నట్టు ఉంది ఆమెకు. ప్రయాణంలో ఏమీ తినలేదు, ఆకలేస్తోంది.

ఏడుపు తగ్గాక కేశవ తలెత్తాడు. కళ్ళు తుడుచుకుని కొంటెగా చూశాడు. కత్తెర పైకెత్తి ఖాళీగా ఆడించాడు. కచకచమంది. వాడు అక్క మొహం వంకే చూస్తూ ఆగాడు. వాడు ఇన్నాళ్ళూ ఎదురుచూసింది కత్తెర కోసం మాత్రమే కాదు.

“ఎవడ్రా అది, ఇల్లు కూలుస్తావా,” అంది రామతులసి.

మాట వచ్చింది. అందులో నాయన లేడు. ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది. కేశవ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“అలిసిపోయినట్టుండావక్కా. కూర్చో, అన్నం పెడతా,” అన్నాడు.

ఆమె కూర్చోలేదు. ఏడుపు రావాల్సిన చోట తడిమి చూసుకుంది. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేదని తెలిశాక మొదటిసారి భయం వేసింది. నాయన మీద బెంగపడే మనిషి ఒకతి తనలో ఉండేది, ఆమెను తనే కడప గేటు బయట వదిలేసి వచ్చింది. ఆమె కావాలనిపించింది. నాయనకన్నా ముందు ఆమె కావాలి.

“అన్నం తర్వాత,” అంది. “ఇంకోసారి ఆడించు.”

కేశవ ఆడించాడు.

“ఇంకోసారి,” అంది రామతులసి కళ్ళు మూసుకుని.