గజం మీద గాటు

తింగ్నై శవం కొలిమి ముందు మట్టిలో వెల్లకిలా పడి ఉంది.

సోమవారం. ఉదయం తొమ్మిది ఇరవై.

ఎస్.ఐ. హోన్‌లే మొహం మీది గుడ్డ ఎత్తి చూశాడు. వెంటనే కప్పేశాడు. ఇరవయ్యేడేళ్ల మనిషి. కుడి చెంప లేదు.

శవానికి నాలుగడుగుల దూరంలో కొత్త నాటు తుపాకి. బ్యారెల్ అడుగు భాగం అరటిపండు తొక్కలా విచ్చుకుపోయింది. ఇనుప ముక్కలు వెదురు గోడలో దిగబడి ఉన్నాయి.

"ఎన్నింటికి?"

"ఏడు నలభైకి సార్." జవాబు చెప్పినవాడు తుపాకులు చేసే మన్‌పాంగ్. ముప్పై దాటలేదు. "మందు ఎక్కువ పొయ్యలేదు సార్. నా బిడ్డ మీద ఒట్టు. ఎప్పుడూ పోసేంతే పోశాను."

గుమ్మంలో అతని భార్య ఫేజిన్ నిలబడింది. వీపున పది నెలల బాబు. ఆమె ఏడవడం లేదు. బాబు కాళ్లను రెండు చేతులతో వెనక్కి పట్టుకుని ఉంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

ఊరి పెద్ద ఆంగ్ అప్పటికే తీర్పు చెప్పేశాడు. కొన్న తుపాకి కొన్నవాణ్ణే చంపితే, చేసినవాడి కొలిమి ఊళ్లో ఉండకూడదు. పొద్దు కొండ వెనక్కి దిగేలోపు కొలిమి కూలగొట్టాలి. కుటుంబం ఊరు దాటాలి.

మార్చి నెల. కొండ మీద నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది.

"మా పుట్టింటికి రెండు రోజుల నడక సార్," అంది ఫేజిన్. "వాన పడుతోంది. వీడికి మొన్నటి నుంచీ దగ్గు."

హోన్‌లే బాబు వైపు చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు.

* * *

"తుపాకి ఎంచింది ఎవరు?"

"మా బావే," అన్నాడు అలోహ్. చచ్చిపోయినవాడి బావమరిది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినందుకో, నల్లమందుకో చెప్పలేం. "శనివారం పొద్దంతా ఎంచాడు. పెళ్లికూతుర్ని చూడ్డానికి కూడా అంతసేపు పట్టలేదు. మా అక్కని ఒక్కసారి చూసి ఊఁ అన్నాడు."

"ఎలా ఎంచాడు?"

"అందరూ ఎంచినట్టే. ఆరు తుపాకులు దించాడు. ఒక్కోటీ అరచేతి మీద నిలబెట్టి తూకం చూశాడు. గోటితో మీటి మోత విన్నాడు. బ్యారెల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. కింద మందుని అంటించే క్యాప్ పెట్టే కన్నంలోంచి గాలి రావాలి గదా, అక్కడ నన్ను చెంప పెట్టమన్నాడు."

"ఇందులోంచి గాలి వచ్చిందా?"

"ఈలేసినట్టు వచ్చింది. అప్పుడే బేరం ఖాయం చేసి, దాన్ని విడిగా పెట్టించాడు. పండక్కి ఊరంతా తుపాకులు పేలుస్తారు గదా, దీంతోనే కాలుస్తానన్నాడు."

హోన్‌లే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. శనివారం, తుపాకి ఖాళీ.

"నీకూ బావకీ గొడవటగా?"

"నల్లమందు మానమనేవాడు. తిట్టేవాడు. నేనూ తిట్టేవాణ్ణి." అలోహ్ మొహం తుడుచుకున్నాడు. "మా అక్కకి ఏడో నెల సార్. ఆవిడకి ఇంకా చెప్పలేదు."

"నిన్న ఆదివారం ఎక్కడున్నావు?"

"ఇంట్లో. పడుకున్నా."

"చర్చికి?"

"వెళ్లలేదు."

కానిస్టేబుల్ ఊళ్లో వాకబు చేసి వచ్చాడు. ఆదివారం పది నుంచి పన్నెండున్నర దాకా ఊరంతా చర్చిలో ఉంది. రానివాళ్లు ఇద్దరే. అలోహ్ ఒకడు. ముసలి న్యాంఖా ఇంకొకడు. కాలు నొప్పి అన్నాడట.

కొలిమికి తలుపు లేదు.

* * *

న్యాంఖా కట్టె పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్లు. మొహం మీద పాతకాలపు పచ్చబొట్లు వెలిసిపోయాయి. మన్‌పాంగ్‌కి పని నేర్పిన గురువు.

"బ్లాక్ టీ తాగు బాబూ," అన్నాడు. "మావాడు చెడ్డవాడు కాదు. ఇనుము చూసుకోలేదు, అంతే. ఈ కాలం కుర్రాళ్లకి తొందర."

"ఇనుము మంచిదే తాతా. ముక్కలు చూశాను. ఎక్కడా పాత పగులు లేదు."

"అయితే మందు ఎక్కువైంది."

"మన్‌పాంగ్ కాదంటున్నాడు."

"ఔనంటాడా మరి!" ముసలాయన నవ్వాడు. పళ్లు నల్లగా ఉన్నాయి.

"ఆంగ్ గారి తుపాకులు నలభై ఏళ్లు నువ్వే చేశావట."

"చేశాను."

"ఈ పండక్కి?"

న్యాంఖా పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "ఆ పని మావాడికిచ్చారు. నా చేతులు వణుకుతున్నాయన్నారు. మంచిదేగా. నేను నేర్పిన చెయ్యేగా."

* * *

మధ్యాహ్నం ఒంటిగంట పది.

హోన్‌లే కొలిమిలో ఒంటరిగా నిలబడ్డాడు. గోడకి అయిదు తుపాకులు. అన్నీ ఒకే పొడుగు. మూలన గజం ఉంది. మందూ గుండ్లూ బ్యారెల్‌లోకి దట్టించే కర్ర అది, తాటిచేవతో చేసింది. కొలిమి మొత్తానికి ఆ ఒక్కటే.

గజం పైభాగాన చుట్టూ ఒక గాటు ఉంది. ఖాళీ బ్యారెల్‌లో గజం వదిలితే గాటు సరిగ్గా అంచు దగ్గర ఆగుతుంది. మందు కూరితే నాలుగు వేళ్లు పైకి లేస్తుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలిసే లెక్క.

గోడ మీది తుపాకి ఒకటి దించాడు. ఊదాడు. గాలి ఈల వేసింది. ఖాళీ. లోపలికి గజం వదిలాడు.

గాటు ఎక్కడ ఆగిందో వంగి చూశాడు.

తరవాత కర్ర బయటికి తీసి, తిరగేసి, కింది కొస వేలితో తడిమాడు. వాసన చూశాడు. బయటికొచ్చి మన్‌పాంగ్‌ని పిలిచాడు.

"ఈ గజం ఎన్నేళ్లది?"

"గురువుగారిది సార్. పని నేర్చుకున్నాక ఆయనే ఇచ్చారు. తొమ్మిదేళ్లయింది."

"కొత్త తుపాకి మొదటిసారి పేల్చేది ఎవరు?"

"చేసినవాడే. మొదటి దెబ్బ చేసినవాడిదే, ఎవరికైనా. ఆ తరవాతే కొన్నవాడి చేతికి."

"మరి తింగ్నై ఎందుకు కాల్చాడు?"

మన్‌పాంగ్ తల దించుకున్నాడు. ఫేజిన్ అందుకుంది.

"నేను ఊట దగ్గరికి నీళ్లకి వెళ్లాను సార్. వీడు ఏడుపు మొదలెట్టాడంట. ఈయన తుపాకి కింద పెట్టి వీణ్ణి ఎత్తుకున్నాడు. తింగ్నై నవ్వాడంట. 'ముందు వాడి సంగతి చూసుకో అన్నా, తుపాకి నాదేగా' అని తీసుకున్నాడంట." ఆమె బాబు కాళ్లు వదల్లేదు. "నేను నీళ్లకి వెళ్లకుండా ఉంటే ఆ అబ్బాయి బతికేవాడు."

* * *

మూడు నలభై. వాన వెలిసింది. కొలిమి ముందు ఊరంతా చేరింది. అయిదుగురు కుర్రాళ్లు గొడ్డళ్లతో సిద్ధంగా ఉన్నారు. ఆంగ్ వెదురు మోడా పీట మీద కూర్చున్నాడు.

హోన్‌లే చేతిలో తుపాకి ఉంది. పక్కన గజం.

"ఆంగ్ గారూ, పది నిమిషాలు. అలోహ్, ఇలా రా. ఇది ఖాళీయో కాదో చూసి చెప్పు."

అలోహ్ గజం లోపలికి వదిలాడు. గాటు సరిగ్గా అంచు దగ్గర ఆగింది. "ఖాళీ."

హోన్‌లే క్యాప్ పెట్టాడు. "భుజానికెత్తు. కొండ వైపు."

అలోహ్ జంకకుండా చెంపకి ఆనించుకున్నాడు.

"చాలు. దించు. మన్‌పాంగ్?"

మన్‌పాంగ్ కూడా గజం వదిలాడు. "ఖాళీ సార్." అతనూ చెంపకి ఆనించాడు.

"దించు. తాతా, ఇప్పుడు నువ్వు."

న్యాంఖా గజం వదిలాడు. గాటు చూశాడు. అంచుకి సమానంగా ఉంది.

"ఏమంటావు?"

"...ఖాళీయే."

"అయితే పేల్చు. క్యాప్ చప్పుడేగా."

న్యాంఖా తుపాకి ఎత్తలేదు.

"ఎత్తు తాతా. నలభై ఏళ్లు ఎత్తిన చెయ్యి."

"ఒద్దు."

"ఎందుకొద్దు?"

"ఒద్దన్నాగా! లోపల ఉంది!"

ముందు వరసలోని కుర్రాళ్లు వెనక్కి జరిగారు.

"గాటు ఖాళీ అంటోంది," అన్నాడు హోన్‌లే మెల్లగా. "ఇద్దరు ఆ గాటుని నమ్మారు. లోపల ఉందని నీకెలా తెలుసు?"

న్యాంఖా తుపాకి, గజం నేల మీద పెట్టాడు.

"నేనే చెప్తాను. అందులో ఉన్నది బూడిద, గుడ్డపీలికలు. నాలుగు వేళ్ల మందం. మధ్యాహ్నం నేనే కూరాను. అయినా గాటు ఖాళీ అని ఎందుకు చెప్పింది? గజం నాలుగు వేళ్లు పొట్టిదైంది కాబట్టి." కర్ర తిరగేసి ఆంగ్‌కి చూపించాడు. "ఏళ్ల తరబడి మందు దట్టించిన కొస నల్లగా, విచ్చుకుని ఉండాలి. ఇది నున్నగా ఉంది. కోసి, మసి పూశారు. అందరూ పగిలిన బ్యారెల్ చూశారు. కర్ర కొస ఎవరూ చూడలేదు."

"శనివారం గాలి వచ్చింది!" అన్నాడు అలోహ్ ఉన్నట్టుండి.

"వచ్చింది. ఆదివారం నువ్వు నిద్రలో ఉన్నావు. ఊరు చర్చిలో ఉంది. తాత కాలు నొప్పితో ఇక్కడికి నడిచొచ్చాడు. బ్యారెల్‌లో ఒకసారి మందు కూరాడు. గజం కోశాడు. పొద్దున మన్‌పాంగ్ గాటు చూశాడు. ఖాళీ అనుకున్నాడు. దాని మీద మళ్లీ కూరాడు, మందు రెండింతలైంది. నువ్వే అయితే, అలోహ్, ఇందాక దాన్ని చెంపకి ఆనించేవాడివి కాదు."

ఆంగ్ లేచి నిలబడ్డాడు. "న్యాంఖా. తింగ్నై నీకేం చేశాడు?"

ముసలాయన మొదటిసారి తలెత్తాడు.

"తింగ్నైతో నాకేం పని?" మన్‌పాంగ్ వైపు వేలు చూపించాడు. "మొదటి దెబ్బ చేసినవాడిది. వీడిది. వీడు కాల్చాలి! తుపాకి చేతికొచ్చాక బిడ్డ ఏడిస్తే దించేస్తాడని నేనేమైనా కలగన్నానా?"

మన్‌పాంగ్ కొలిమి గుమ్మంలో కూర్చున్నాడు.

కుర్రాళ్లు గొడ్డళ్లు కింద పెట్టారు. కానిస్టేబుల్ వచ్చి న్యాంఖా చేతులు కట్టేశాడు. ఆ చేతులు నిజంగానే వణుకుతున్నాయి.

జనం చెదిరిపోతున్నారు. హోన్‌లే గజాన్ని గోనెగుడ్డలో చుడుతుంటే ఫేజిన్ దగ్గరికొచ్చింది.

"తింగ్నై వాళ్లావిడకి ఈ పూట చెప్తారంట సార్. నేనూ వెళ్లాలి. ఏమని చెప్పను? మావాడు ఏడ్చాడు కాబట్టి మీ ఆయన పోయాడని చెప్పనా?"

హోన్‌లే గోనెగుడ్డకి ముడి వేశాడు.

వీపున బాబు దగ్గి, ఏడుపు అందుకున్నాడు. మన్‌పాంగ్ చేతులు చాచాడు. ఫేజిన్ ముడి విప్పి బిడ్డని అతని ఒళ్లో పెట్టింది. కొంగు సవరించుకుని, ఏడో నెల గర్భిణి ఉన్న ఇంటి వైపు ఒంటరిగా నడిచింది.